ఇన్సులిన్ నొక్కే కాలింగ్ బెల్



మనం తిన్న అన్నం, రొట్టె గ్లూకోజుగా మారి రక్తంలో చేరతాయి. అక్కడే ఉంటే లాభం లేదు, కండరాల కణాల్లోకి వెళ్లాలి. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ కణం పైపొర మీదున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ కబురు అందగానే కణం లోపలున్న గ్లట్-4 అనే ప్రోటీన్లు పైపొరకు వచ్చి గ్లూకోజుకు దారి ఇస్తాయి. ఇన్సులిన్‌ను తాళంచెవి అని క్లాసులో చెబుతుంటాను గానీ, నిజానికి అది కాలింగ్ బెల్. తలుపు తీసేది లోపలివాళ్లే.

టైప్-1 షుగర్ వచ్చిన పిల్లల్లో ఆ బెల్ నొక్కే దిక్కుండదు. బిడ్డ తింటూనే చిక్కిపోతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం. శరీరం కొవ్వును కరిగించుకుంటుంటే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

“తీపి మాన్పిస్తే చాలదా సార్?” అని ఒక పెద్దాయన అడిగారు. చాలదు భాయ్. మాత్రలూ చాలవు. ఇంజెక్షన్ రోజూ పడాల్సిందే.

1922లో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి దీన్ని మొదట ఇచ్చారు. పేటెంటును ఒక్కో డాలరుకే విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

మనకు జకాత్ ఎక్కువగా రంజాన్‌లోనే వస్తుంది. ఈ పిల్లలకు మందు పన్నెండు నెలలూ కావాలి. నెలనెలా సదఖా ఇవ్వగలవారు ఇవాళే పేరు రాయించండి.