మేలుకొన్నవారి మాట



సంక్షేమశాస్త్రమున తలలు నెరసిన పెద్దలు పెక్కురు కొలువుదీరిన ఈ సభకు అధ్యక్షత వహింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరుట నాయందలి వాత్సల్యముచేతనే యని యెంచి వారికి నమస్కరించుచున్నాను. దీర్ఘకాల సంరక్షణకై ప్రభుత్వములిచ్చు పింఛనులు, భృతులు, బీమాలు ఏయే దేశములందు ఎట్లు పుట్టి యెట్లు పెరిగినవో మీరెరుగనిది కాదు గనుక ఆ చరిత్రనంతయు ఏకరువు పెట్టను. నేను చెప్పదలచినది ఒక్కటే. దానిని ఇట్టి వేదికలపై చిరకాలముగా చెప్పుచునే యున్నాను. లేవలేని మనుష్యునకు ఎంత సాయము కావలయునో నిర్ణయించు చోట, వాని ప్రక్కన రాత్రులు మేలుకొన్నవారి మాటకు హక్కుగా స్థానముండవలయును. తక్కిన సంస్కరణములన్నియు దీని వెనుకనే వచ్చునని నా విశ్వాసము.

మన తెలుగునాట అవసరమును శాతములలో కొలుచు పద్ధతి వేరూనినది. వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమునకు మనిషిని మోసికొనిపోయిన పిదప, వైద్యుడు అవయవముల పటుత్వమును పరీక్షించి వ్రాసిన అంకెయే ఆ యింటి యోగక్షేమములకు ప్రమాణమగుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అధిక సహాయము కావలసినవారిని వేరుగా గుర్తింపవలెనని చెప్పి, సంరక్షకుని నిమిత్తము భృతిని సైతము పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలును, దివ్యాంగులకు 6,000 రూపాయలును, పూర్తిగా మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితులైన వారికి 15,000 రూపాయలును ఇచ్చుచున్నారు. ఇది కొనియాడదగిన ఔదార్యము. అయినను, కాళ్లు ఆడుచుండియు మతి చెదరిన వృద్ధునకు, తెల్లవార్లు నిద్రపోక యింటిల్లిపాదిని నిద్రపోనీయని బిడ్డకు, మంచము పట్టలేదన్న ఒక్క కారణమున ఆ పై తరగతి అందకున్నది. శాతము దేహమునకు కట్టిన లెక్క. చాకిరి ఇంటిమీద పడును. దేహమును మాత్రమే చూచినవానికి అది కనబడదు.

కోనసీమలో కాలువగట్టునున్న యొక యింటికి నేను పోయియుంటిని. ఆ యింటి పెద్దాయన పగలెల్ల కునుకుచు, ప్రొద్దుగ్రుంకిన వెంటనే లేచి, ఎన్నడో అమ్మివేసిన పొలమునకు నీరు పెట్టవలెనని కాలువవైపు బయలుదేరును. ఆయన లేచినపుడు తనకు మెలకువ రావలెనని కోడలు తన చీరకొంగును ఆయన మణికట్టునకు ముడివేసికొని నేలమీద పరుండును. పరీక్షకు కొనిపోయిన నాడు ఆయనను నడువుమనిరి, నడచెను. పేరడిగిరి, స్పష్టముగా చెప్పెను. పని ముగిసినది. “అమ్మా, రాత్రి సంగతి నీవు చెప్పలేదా?” యని నేనడుగగా ఆమె, “నన్నెవరడిగేరండీ?” అనెను. సంరక్షణ శాస్త్రమున నేను చదివిన ఏ గ్రంథముకంటెను ఆ యొక్క మాటయే నా ఆలోచనను తీర్చిదిద్దినది.

ఇది మన దేశమునకే పరిమితమైన లోపము కాదు. జపాను దేశము 1997లో శాసనము చేసి 2000 ఏప్రిల్ 1 నుండి సంరక్షణ బీమాను అమలుపరచినపుడు, అర్హతను నిర్ణయించుటకు 85 అంశముల పరీక్షను ఏర్పరచెను. ఆ లెక్కకు ఆధారము వృద్ధాశ్రమాది సంస్థలలో పరిచారకులు వెచ్చించిన నిమిషములు. సంస్థలో తలుపులు వేసియుండును, పనివారు వంతులు మారుచుందురు; ఇంటిలో వంతు లేదు, మారువారును లేరు. తిరుగాడగల మతిభ్రష్టుని కాచుటయే అన్నింటికంటె కష్టమని, 1980లోనే క్యోటోలో సంఘముగా నేర్పడిన కుటుంబములవారు మొరపెట్టగా, 2003లో ఆ కొలత సవరింపబడినది. 2009లో మరల మార్చినపుడు అనేకుల తరగతి తగ్గునని వారే గోల చేసిరి. ప్రభుత్వము పాత తరగతిని నిలుపుకొనుటకు తాత్కాలికముగా అనుమతించి, ఆ సంవత్సరముననే నిబంధనలను తిరిగి దిద్దుకొనెను. పండితుల పట్టికలో లోపమున్నదని చూపినవారు వంటయింటినుండి వచ్చినవారు!

జర్మనీలో 1995లో ఆరంభమైన బీమా చిరకాలము మూడు తరగతులతో, స్నానపానాదులకు పట్టు నిమిషముల లెక్కతో నడచినది. 2017లో తరగతులు ఐదైనవి. పరిశీలించు రంగములు ఆరైనవి. వానిలో బుద్ధియు ప్రవర్తనయు చేరినవి, రాత్రివేళ అశాంతి యనునది ప్రత్యేకాంశముగనే లెక్కకు వచ్చినది. నేనింతకాలము అడుగుచున్నది అంతకంటె అధికము కాదు.

ఇక నా మాటకు అడ్డుచెప్పు మిత్రులను గూర్చి. కుటుంబమును అడిగినచో ధనాశచే అతిశయోక్తులు పలుకుదురని వాదించు ఆర్థికశాస్త్రవేత్తలు మనలో గలరు. వారిలో కొందరు ఈ సభయందే యున్నారు. వారు ఏ యింటి చాపమీద కూర్చుండి ఈ సత్యమును కనుగొనిరో నేనెరుగను. నేను చూచినంతలో మన కుటుంబములు దాచుటయే మెండు. క్రొత్తవారు వచ్చినపుడు రోగి నిటారుగా కూర్చుండి బాగున్నాననును. ఇల్లాలు తడిసిన పక్కబట్టలను పెరటిలోనికి చేర్చును. మామగారి మర్యాద వీధిన పడరాదని కోడలు నోరు విప్పదు. ధనాశ వాదమునకు జపాను చరిత్రయే ప్రత్యుత్తరము. అచ్చట హిగుచి కెయికో వంటి మహిళానాయకులు కుటుంబమునకు నగదు వలదనిరి. నగదిచ్చినచో కోడలిని మంచమునకే కట్టివేయుదురని భయపడి, మనుషులను పంపుడని కోరిరి. పిలిచి అడిగినచో కుటుంబము ఏమి కోరునో ముందుగా ఊహించుట పండితులకు తగదు.

భృతి యిచ్చినచో పుత్రధర్మము నశించునని వాపోవు పెద్దలు మరికొందరు. వారు కీర్తించు ఉమ్మడి కుటుంబమున ఆ ధర్మమును నిర్వహించినది సాధారణముగా ఒకే స్త్రీ. ఆమె నడుము విరిగిన పిదప ధర్మమును మోయునదెవరో వారు సెలవియ్యవలెను.

మనకు మార్గము లేకపోలేదు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగరమున మానసిక వికలాంగుల జాతీయసంస్థ వెలసినది. మనబోటి విద్యావంతులు గోష్ఠులలో నిర్వచనములకై తగవులాడుచుండగా, “మా తరువాత వీరికెవరు?” అన్న ప్రశ్నతో అట్టి బిడ్డల తల్లిదండ్రులు ఊరూర సంఘములు కట్టిరి, 1995 నాటికి అవి ‘పరివార్’ అను జాతీయ సమాఖ్యగా నేకమైనవి. వారి పట్టుదల ఫలముగనే 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. దాని పాలకమండలిలో తల్లిదండ్రుల సంఘములకు చట్టమే చోటిచ్చినది. బిడ్డల తల్లులు సాధించినది వృద్ధుల కోడండ్రు ఏల సాధింపలేదు? సభకు రావలెనన్న ఇంటివద్ద వారికి బదులు కూర్చుండువారు లేరు గనుక. కావున వారిని పిలిచినంత మాత్రమున చాలదు. వారు వచ్చిన దినమున ఇంటికి మరియొక మనిషిని పంపవలెను.

యువపరిశోధకులకు నా మనవి. మీరు చేతబట్టి తిరుగు బార్తెల్ మానము 1965 నాటిది. తినుట, స్నానము, మెట్లెక్కుట మొదలగు పది పనులను అది అడుగును గాని, రాత్రి నిద్రలేక తిరుగుటను గూర్చి అడుగదు. నేలమీద గొంతుకూర్చుండుట, బోరింగువద్ద నీరు పట్టుకొనుట, పెరటిలోని మరుగుదొడ్డికి చీకటిలో పోవుట అందు లేవు. మన యిండ్లకు తగిన తెలుగు ప్రశ్నావళి నిర్మించుట గొప్ప పరిశోధన కాదని భావించు విశ్వవిద్యాలయములున్నంతకాలము మనము అరువు కొలతలతోనే న్యాయము చేయవలసివచ్చును. రాయలసీమ పల్లెలలో సంరక్షకురాండ్ర మాటలను వారి యాసలోనే వ్రాసికొనిన నా సహాధ్యాయి యొకరు కాలధర్మము చెందిరి. ఆ వ్రాతలు నేటికిని అచ్చుమొగము చూడలేదు. పదవీయోగ్యతకై వ్యాసములు లెక్కించువారు అట్టి పనిని లెక్కింపరైరి. ఇది మనందరికిని తలవంపు.

కావున ఈ మహాసభ మూడు విషయములను తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను. తరగతిని నిర్ణయించుటకు ముందు ఏడు రాత్రుల వృత్తాంతము కుటుంబమునుండి సేకరింపబడి, ఆశా కార్యకర్త యింటికి పోయి సరిచూచి సంతకము చేయవలెను. నిర్ణయమును కారణములతోగూడ తెలుగులో వ్రాసి కుటుంబమునకిచ్చి, పునర్విచారణ కోరుటకు గడువు తెలుపవలెను. నిబంధనలు మార్చు సంఘములలో సంరక్షకులకు స్థానములిచ్చి, వారి వంతు పని చేయుటకు మనిషిని ప్రభుత్వ వ్యయముతో నియమింపవలెను. వీనిలో మొదటిదానికి క్రొత్త శాసనము గాని, పెద్ద మొత్తము గాని అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. రేపటి గోష్ఠిలో దానినే ముందుగా చర్చకు పెట్టుడు. అంగీకరింపనివారు తమ కారణములను లిఖితపూర్వకముగా సభకు సమర్పింతురుగాక.