నిలబడ్డ కారు డిమాండ్, నిలబడ్డ బండి ఆక్రమణ

(సూరత్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పార్కింగ్ గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహక మిత్రులు కొంత ఆశ్చర్యపోయారు. రిజర్వేషన్ల మీదో, యూనివర్సిటీల్లో వివక్ష మీదో మాట్లాడతాననుకున్నారు. నేను చెప్పబోయేది నగరం నడిబొడ్డున జరిగే పార్కింగ్ సర్వేల గురించి. ఆ నివేదికలను ప్రభుత్వ సంస్థలు ఆమోదించే ముందు ఎట్లా దిద్దుతాయి, ఆ దిద్దుబాటు ఎవరి బతుకును తాకుతుంది అన్నదే నా విషయం.

రోడ్డు మన ఉద్యమానికి కొత్త కాదు. 1893లో ట్రావెన్‌కోర్‌లో అయ్యంకాళి ఎద్దులబండి ఎక్కి, తన వాళ్లకు నిషిద్ధమైన దారిలో వెళ్లాడు. 1924లో వైకోంలో పోరాటం గుడిలోకి వెళ్లడం కోసం కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడం కోసం. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో క్లాజు బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను కూడా పేరు పెట్టి చెప్పింది. ప్రభుత్వ సొమ్ముతో నిర్వహించే రోడ్డు వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదు. ఇప్పటికీ గుజరాత్ పల్లెల్లో దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగితే దాడులు జరుగుతున్నాయి. నగరంలో అడ్డుకోవడం వేరే భాషలో జరుగుతుంది. ఆ భాషలో సర్వేలు, పట్టికలు, నివేదికలు ఉంటాయి.

నేను లింబాయత్‌లో పెరిగాను. మాది కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడిలో చదివాను. మీలో చాలామందికి ఇది తెలిసిన కథే కనుక పొడిగించను. రోడ్డు పక్క జాగాను ఎవరు, ఏ హక్కుతో వాడుకుంటున్నారన్నది ఇప్పుడు నా పీహెచ్‌డీ పరిశోధన.

ముందు పార్కింగ్ అధ్యయనం ఎట్లా జరుగుతుందో చూద్దాం. నగరపాలక సంస్థ ఒక కన్సల్టెంట్‌కు పని అప్పజెబుతుంది. వాళ్లు మొదట రోడ్డు పొడవునా బండ్లు నిలిపే జాగా ఎంతుందో కొలుస్తారు. తర్వాత గంటగంటకూ తిరిగి నంబర్ ప్లేట్లు రాసుకుంటారు. ఏ బండి ఎంతసేపు నిలిచింది, ఏ వేళకు ఎన్ని గడులు నిండాయి అన్నది దాంతో తేలుతుంది. ఆ అంకెలతో ముసాయిదా తయారవుతుంది. ముసాయిదా సంస్థ దగ్గరికి వెళుతుంది, వ్యాఖ్యలతో తిరిగొస్తుంది, మారుతుంది, మళ్లీ వెళుతుంది. చివరికి 'తుది నివేదిక' అన్న అట్ట పడుతుంది. జనం చూసేది, అదీ చూడగలిగితే, ఆ చివరి రూపాన్నే. మధ్యలో ఏం పోయింది, ఏం చేరింది అన్నది ఫైళ్లలో ఉండిపోతుంది.

కొలత దగ్గరే ఒక విషయం గమనించాలి. పార్కింగ్ లెక్కలకు మన దేశంలో వాడే ప్రమాణం ఈసీఎస్. ఒక కారు ఆక్రమించే జాగా దానికి మూలం. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం ఆరుబయట ఒక ఈసీఎస్‌కు 23 చదరపు మీటర్లు, బేస్‌మెంట్‌లో 32 చదరపు మీటర్లు. స్కూటర్‌నూ సైకిల్‌నూ ఇందులో ఒక ముక్కగా లెక్కగడతారు. అంటే కారు నిండు యూనిట్, మిగతావన్నీ దాని భిన్నాలు. 2011 జనాభా లెక్కల్లో కారు, జీపు లేదా వ్యాను ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద 4.7 శాతం. సైకిల్ ఉన్నవి 44.8 శాతం. నూటికి ఐదు ఇళ్లలో కూడా లేని వస్తువు, నూరు మందికి చెందిన రోడ్డుకు కొలబద్ద అయింది.

తోపుడు బండికి ఈసీఎస్ లేదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బండి పట్టుమని రెండుంబావు చదరపు మీటర్లు తీసుకుంటుంది. తిరగడానికి వదిలే దారిని పక్కన పెట్టినా ఒక కారు గడి మామూలుగా 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు. ఆ జాగాలో ఐదు బండ్లు నిలుస్తాయి. అమెరికాలో డోనాల్డ్ షౌప్ అనే ప్రొఫెసర్ పార్కింగ్ మీద 2005లో పెద్ద పుస్తకం రాశాడు. సగటు కారు తన కాలంలో దాదాపు 95 శాతం కదలకుండానే ఉంటుందని ఆయన లెక్క. కదలనిదాన్ని అడ్డు అనాలంటే, ఆ మాట మొదట ఎవరికి వర్తిస్తుందో మీరే ఆలోచించండి.

ఎంఏ అయ్యాక కొంతకాలం ఇలాంటి ఒక సర్వేలో ఎన్యూమరేటర్‌గా పనిచేశాను. ఏ సంస్థ కోసమో చెప్పను. మాకిచ్చిన ఫారంలో కారు, ఆటో, టెంపో, స్కూటర్, సైకిల్ గడులున్నాయి. తోపుడు బండికి గడి లేదు. గుజరాతీలో తోపుడు బండిని 'లారీ' అంటారని మీకు తెలుసు. సాయంత్రం ఆరు దాటితే మాకిచ్చిన రోడ్డు మీద వాటి వరసే కనబడేది. ఫారం మార్జిన్‌లో రాసుకొచ్చాం. సూపర్‌వైజర్ మంచివాడు, విడిగా ఒక పట్టిక చేయించాడు. ముసాయిదాలో ఆ పట్టిక 'రోడ్డు పక్క జాగా వినియోగదారులు' అన్న అధ్యాయంలో ఉంది. కొన్ని నెలల తర్వాత తుది ప్రతి చూశాను. పట్టికలో ఒక్క అంకె కూడా మారలేదు. అది ఉన్న చోటు మారింది. 'ఆక్రమణలు' అన్న శీర్షిక కిందికి వెళ్లింది. ఆ రోడ్డు మీద నిలబడ్డ కారు డిమాండ్ అయింది, నిలబడ్డ బండి ఆక్రమణ అయింది. డిమాండ్ ఉంటే తీర్చాలి, ఆక్రమణ ఉంటే తొలగించాలి. శీర్షిక మార్చడంతోనే సిఫారసు రాసేసినట్టయింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. దిద్దుబాటు ప్రతిదీ కుట్ర కాదు. డబ్బులిచ్చి పని చేయించుకున్న సంస్థకు తప్పులు ఎత్తిచూపే హక్కుంది. వీధి పేరు తప్పు పడితే, కూడిక తప్పితే, ఒకే గడిని రెండుసార్లు లెక్కపెడితే సరిచేయాల్సిందే. సిఫారసు నచ్చకపోతే 'మేం దీన్ని అంగీకరించడం లేదు, కారణం ఇది' అని రాయొచ్చు. చిక్కు ఎక్కడంటే, అధికారి అభిప్రాయాన్ని సర్వే కనుగొన్న విషయంగా చూపించడంలో ఉంది. కొలిచింది ఎవరు, తీర్పు చెప్పింది ఎవరు అన్న గీత చెరిగిపోతే, ఆ నివేదికతో వాదించడానికి ఎదుటివాడికి చోటే మిగలదు.

నివేదికల మీద అధికారం చేయి వేయడం చాలా రూపాల్లో జరుగుతుంది. మూడు గుర్తుచేస్తాను.

ఒకటి, దాచడం. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది. ఎనిమిదో అధ్యాయం సీల్డ్ కవర్లో కేంద్ర హోంశాఖకు వెళ్లింది. తమ భవిష్యత్తు గురించిన నివేదికలో ఒక అధ్యాయం ప్రజలకు కనబడలేదు. 2011 మార్చిలో హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పు వచ్చాకే అందులో ఏముందో చర్చకొచ్చింది.

రెండు, ఆపడం. 2017-18 కార్మిక సర్వేను జాతీయ గణాంక సంఘం ఆమోదించినా ప్రభుత్వం విడుదల చేయలేదు. 2019 జనవరిలో పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి సంఘానికి రాజీనామా చేశారు. ఎన్నికలయ్యాక, మే 31న నివేదిక వచ్చింది. పత్రికలో ముందే బయటపడిన నిరుద్యోగ అంకె, అధికారికంగా వచ్చిన అంకె ఒక్కటే, 6.1 శాతం.

మూడు, పక్కన ఇంకొకటి పెట్టడం. ఇది మన రాష్ట్రంలోనే జరిగింది. నవసర్జన్ ట్రస్టు గుజరాత్‌లో 1,589 గ్రామాలు తిరిగి, అంటరానితనం 98 రూపాలను నమోదు చేసి 2010లో నివేదిక ప్రచురించింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ చేత వేరే అధ్యయనం చేయించింది. అది ఐదు గ్రామాలను తీసుకుంది. దళితులు అనుభవించే వివక్షను వాళ్ల 'భావన'గా చూపారని దాని మీద విమర్శ వచ్చింది. కొలిచిన వాస్తవాన్ని బాధితుడి అభిప్రాయంగా మార్చడం కూడా శీర్షిక మార్పే.

పార్కింగ్ విషయానికే వస్తే, 2018 మార్చిలో పుణె కార్పొరేషన్‌లో ఊరంతటికీ రుసుము పెట్టాలన్న విధానం చర్చకొచ్చింది. ఆమోదం పొందేసరికి అది ప్రయోగాత్మకంగా ఐదు రోడ్లకు కుదించుకుపోయింది. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం జీవో 63తో మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. 2021లో జీవో 121తో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు రుసుము వసూలుకు అనుమతిచ్చింది. ఈ మార్పులు మంచివా చెడ్డవా అని మనం వాదించుకోవచ్చు. ఎందుకంటే అవి కళ్లముందు జరిగాయి. జీవో మారితే కొత్త జీవోకు నంబరుంటుంది, తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. నివేదిక ముసాయిదాలో వాక్యం మారితే నంబరూ లేదు, సంతకమూ లేదు.

మన సూరత్‌లో ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల ముందు కార్లు, టెంపోలు, పార్సిళ్లు మోసే కూలీలు, చాయ్ బండ్లు, అందరూ ఒకే జాగా కోసం పోటీ పడతారు. చౌటా బజార్‌లో సంగతీ అంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ వ్యాపారుల సర్వే చేయాలి, కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. అంటే ఈ చట్టం దృష్టిలో బండి పెట్టుకున్న మనిషి రోడ్డుకు హక్కుదారు. అదే రోడ్డు మీద పార్కింగ్ సర్వే ఆ మనిషిని ఆక్రమణదారు అంటే, కింది స్థాయిలో ఒక ఎడిటింగ్ పని పార్లమెంటు చేసిన చట్టాన్ని దిద్దినట్టే. అంతకుముందే, 1989లో, సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధి వ్యాపారాన్ని 19వ అధికరణం కింద హక్కుగా గుర్తించింది, ప్రభుత్వ నియంత్రణకు లోబడి.

మార్చమన్నప్పుడు ఏం చేయాలో బాబాసాహెబ్ 1936లో చూపించారు. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ముందుగా ప్రతి చూసి, కొన్ని భాగాలు తీసేయమంది. ఆయన ఒప్పుకోలేదు. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నారు. అదే 'కుల నిర్మూలన'. ఆ పుస్తకం మొదట్లో మండల్‌తో నడిచిన ఉత్తరాలను కూడా ఆయన అచ్చువేయించారు. ఎవరు ఏది తీసేయమన్నారు, తాను ఎందుకు కాదన్నారు అన్నది పాఠకుల ముందు పెట్టారు.

జీతం మీద బతికే సర్వేయర్‌ను, ఆఖరి బిల్లు కోసం ఎదురుచూసే కన్సల్టెంట్‌ను బాబాసాహెబ్‌లా నిలబడమని నేను అడగను. ఆ సాహసం చేయగల స్థితి అందరికీ ఉండదు. నేనడిగేది ఆ ఉత్తరాలు అచ్చువేయించిన పద్ధతిని. ముసాయిదానూ తుది ప్రతినీ పక్కపక్కన పెట్టండి. ప్రతి మార్పుకు కారణం, మార్చమన్న అధికారి హోదా రాయండి. సేకరించిన అంకెలను వర్గీకరణకు ముందున్న రూపంలో విడుదల చేయండి. పార్కింగ్ సర్వే ముసాయిదాను టౌన్ వెండింగ్ కమిటీ ముందు పెట్టకుండా ఖరారు చేయకండి.

ఇందులో చాలా భాగానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం నివేదికలు, ఈమెయిళ్లు, సలహాలు, అభిప్రాయాలు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా, అన్నీ సమాచారమే. ప్రజల మీద ప్రభావం చూపే విధానం తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ తమంతట తామే ప్రచురించాలని సెక్షన్ 4(1)(సి) చెబుతోంది. నిర్ణయానికి కారణాలు బాధితులకు చెప్పాలని 4(1)(డి). కాబట్టి దరఖాస్తులో 'పార్కింగ్ నివేదిక ఇవ్వండి' అని రాసి ఆగిపోవద్దు. 'మొదటి ముసాయిదా, దాని మీద వ్యాఖ్యలు, ఈమెయిళ్లు, తుది ప్రతి' అని విడివిడిగా అడగండి. ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడగకపోతే జవాబు కూడా మొత్తం మీదే వస్తుంది.

చివరిగా విద్యార్థి మిత్రులకు ఒక పని. మీరుండే వీధిలో ఒక వంద మీటర్లు ఎంచుకోండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి అక్కడ నిలబడ్డ ప్రతిదాన్నీ రాయండి. కారు, టెంపో, లారీ, చెప్పులు కుట్టే మనిషి పరుచుకున్న గోనెపట్టా, అన్నీ. ఒక్కొక్కటి ఎంత జాగా తీసుకుంది, ఎంతసేపు ఉంది, దానిమీద ఎంతమంది బతుకుతున్నారు అని మూడు గడులు పెట్టండి. 'ఆక్రమణ' అన్న గడి మాత్రం పెట్టకండి. ఆ మాట కొలత కాదు, తీర్పు. కార్పొరేషన్ తర్వాతి పార్కింగ్ నివేదిక వచ్చిన రోజు, దాని పక్కన పెట్టి చూడటానికి మన దగ్గర ఒక లెక్క ఉండాలి.

జై భీమ్.