పాత ట్రాక్టరుకు న్యాయమైన ధర కట్టేదెలా?

(మండల రైతు సంఘం నెలవారీ సమావేశంలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



వడ్ల మద్దతు ధర గురించి, పత్తి కొనుగోళ్ల గురించి మనం ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ ఇంకో ధర గురించి మాట్లాడతాను. అది పాత ట్రాక్టరు ధర. పంట అమ్మేటప్పుడు కనీసం కాటా ఉంటుంది, తేమ చూసే మిషను ఉంటుంది. చాలా ఇళ్లలో పొలం తర్వాత అంత విలువైన వస్తువు ట్రాక్టరే. దాన్ని అమ్మేటప్పుడు మాత్రం ఏ కాటా లేదు. దళారి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు, టైరు మీద ఒక తన్ను తంతాడు, ఒక అంకె చెబుతాడు. ఇక బేరమంతా ఆ అంకె చుట్టూనే.

ఆ అంకె చెప్పే ముందు అతను ఏం అడుగుతాడో గమనించారా? "ఎందుకు అమ్ముతున్నావు? ఇంకా ఎన్ని కిస్తీలున్నాయి?" ఈ రెండూ బండి సంగతులు కావు, మన అవసరం సంగతులు. మనం కూడా అదే తప్పు చేస్తాం. "ఫైనాన్సుకు మూడు లక్షలు కట్టాలి, చేతికి ఇంకో లక్ష రావాలి, కాబట్టి నాలుగు లక్షలకు ఇస్తాను" అంటాం. అప్పు ఎంత మిగిలిందన్నది బండి ధర కాదు. కొనేవాడి జేబులో ఎంత ఉందన్నదీ బండి ధర కాదు. ధర బండిలోంచి రావాలి. ఆ లెక్క పలకా బలపంతో కూడా వేయొచ్చు.

మొదట, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు కొన్నప్పటి ధర దగ్గర కాదు, అదే మోడల్ కొత్త బండి ఇవాళ్టి ధర దగ్గర. డీలరు దగ్గర కొటేషన్ కాగితం మీద తీసుకోండి. పాత కొటేషన్ పనికిరాదు. ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు పన్నుతో కలిపి 8,00,000 ఉన్న బండి, కంపెనీ అసలు ధర మార్చకపోతే, పన్ను తగ్గాక సరిగ్గా 7,50,000 అవుతుంది. కొత్త బండి 50 వేలు దిగితే పాత బండి ధర కూడా ఆ మేరకు దిగుతుంది. కొనేవాళ్లు ఇది అడగాలి, అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి.

రెండోది, ఎంత అరిగింది? వ్యవసాయ ఇంజినీరింగులో ట్రాక్టరు ఆయుష్షును లెక్క కోసం 10 ఏళ్లు లేదా 10,000 గంటలుగా తీసుకుంటారు. చివరికి తుక్కు విలువ కొత్త ధరలో 10 శాతం మిగులుతుందంటారు. అంటే 7,50,000 బండిలో 75,000 పక్కన పెడితే, అరిగిపోయేది 6,75,000. గంటకు 67 రూపాయల 50 పైసలు, ఏడాదికి 67,500.

మన బండి వయసు 6 ఏళ్లు, అవర్ మీటరు 4,000 గంటలు చూపిస్తోందనుకోండి. గంటల లెక్కన 2,70,000 అరిగింది, 4,80,000 మిగిలింది. ఏళ్ల లెక్కన 4,05,000 అరిగింది, 3,45,000 మిగిలింది. న్యాయమైన బేరం ఈ రెండింటి మధ్యే జరగాలి. సొంత పొలానికే వాడి, షెడ్డులో పెట్టి, సమయానికి ఆయిల్ మార్చిన బండి పై అంకె వైపు జరుగుతుంది. ఏటా కిరాయి దమ్ముల్లో తిరిగిన బండి, ఇసుక, ఇటుక లోడ్లు లాగిన బండి కింది అంకె వైపు జరుగుతుంది. దమ్ములో బురదనీరు ముందు చక్రాల బేరింగుల్లోకి, బ్రేకుల్లోకి దిగుతుంది. లోడ్లు క్లచ్‌ను తింటాయి.

మీటరును గుడ్డిగా నమ్మొద్దు. తీగ పీకితే ఆగిపోతుంది, కొత్తది బిగిస్తే సున్నా నుంచి మొదలవుతుంది. ఆరేళ్లు కిరాయికి తిరిగిన బండి 1,500 గంటలు చూపిస్తే నమ్మగలమా? క్లచ్ పెడల్, బ్రేకు పెడళ్ల అరుగుదల, వెనక హుక్కు రంధ్రం సాగిన తీరు, స్టీరింగ్ ఆట, ఇవి చూడండి. సర్వీసు బిల్లులు అడగండి.

మూడోది, ఇప్పుడు పెట్టక తప్పని ఖర్చు. మెకానిక్‌ను తీసుకెళ్లండి, అతని కూలి ఇద్దరూ సగం సగం పెట్టుకోండి. అప్పుడతను ఎవరి మనిషీ కాడు. బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగండి. పొగ నీలంగా వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోందని. మానకుండా నల్లగా వస్తుంటే డీజిల్ సరిగా కాలడం లేదని. అది ఎయిర్ ఫిల్టర్‌తో పోవచ్చు, ఇంజెక్టర్ల దాకానూ పోవచ్చు. ఇంజను చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద నూనె తెట్టు ఉందేమో చూడండి. గొర్రు తగిలించి పైకెత్తి, ఇంజను ఆపి, పది నిమిషాలు కూర్చోండి. త్వరగా కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్‌లో పని ఉంది.

మన ఉదాహరణలో వెనక టైర్లు, క్లచ్ ప్లేట్, బ్యాటరీ కలిపి 60,000 ఖర్చని మెకానిక్ రాశాడనుకోండి. మధ్య అంకె 4,12,500 దగ్గర ఇద్దరూ ఒప్పుకుంటే, అందులోంచి 60,000 తీసేస్తే 3,52,500. ఇది లెక్క చూపడానికి తీసుకున్న అంకె మాత్రమే. మీ బండికి మీ అంకెలు వేసుకోండి. ట్రక్కుకు రిజిస్ట్రేషన్ వేరు, దాని ధరా వేరే కట్టండి. గొర్రు, రోటవేటర్ ధరలు కూడా విడిగా రాయండి. అన్నీ కలిపి గుత్తగా మాట్లాడితే ఏదో ఒకటి ఉచితంగా పోతుంది.

నాలుగోది కాగితాలు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నది కనిపిస్తుంది. ఫైనాన్స్ ఉంటే ఆ బాకీ డబ్బు అమ్మేవాడి చేతికి ఇవ్వకుండా నేరుగా అప్పు ఖాతాలో కట్టి, ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. డబ్బు చేతికొచ్చింది కదా అని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, తాళాలు ఇచ్చి వచ్చేస్తారు. దళారి దాన్ని ఇంకొకరికి, వారు మరొకరికి అమ్ముతారు. ఆర్సీలో మాత్రం మన పేరే ఉంటుంది. ఇలాగే చేతులు మారిన ఒక కారు 2009లో ప్రమాదం చేసింది. దానికి ఇన్సూరెన్స్ లేదు. రికార్డులో పేరున్న మొదటి యజమానే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారైనా ట్రాక్టరైనా చట్టం ఒకటే. మూడు లక్షలకు బండి అమ్మి, మూడేళ్ల తర్వాత అంతకంటే ఎక్కువ పరిహారం కట్టాల్సి వస్తే ఆ ధర న్యాయమైనదెలా అవుతుంది? అందుకే ఆర్సీలో పేరు మారేదాకా కొంత డబ్బు పెద్దమనిషి దగ్గర ఉంచండి. బండి అప్పగించిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.

చివరిగా ఒక మాట. కిస్తీలు తప్పి, ఫైనాన్స్ మనుషులు గుమ్మంలోకి వచ్చాక అమ్మితే ధర మనం చెప్పం, వాళ్లే చెబుతారు. ఇక లాగలేమనిపిస్తే రెండు కిస్తీల ముందే నిర్ణయం తీసుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒంటరిగా తీసుకోవద్దు, సంఘానికి చెప్పండి.

నా ప్రతిపాదన ఇదీ. ప్రతి గ్రామ కమిటీలో లెక్క తెలిసిన ఇద్దరు సభ్యులు, నమ్మకమైన ఒక మెకానిక్ ఉండాలి. ఎవరు బండి అమ్మినా, కొన్నా ఈ నాలుగు సంగతులు ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చెరొక ప్రతి ఇవ్వాలి. ధర మనం నిర్ణయించం, లెక్క చూపిస్తాం. బేరం వాళ్లది. మన ఊళ్లో అమ్మేవాడూ రైతే, కొనేవాడూ రైతే. ఒకరిని ముంచి ఇంకొకరు బాగుపడే బేరం మనకెందుకు? పంటకు కాటా కావాలని పోరాడుతున్న మనం, మన బండికి మనమే ఒక కాటా పెట్టుకుందాం.