లాక్‌డౌన్ కాలమున వాతరోగుల పాట్లు



2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి దేశమంతటను లాక్‌డౌన్ ప్రకటింపగా, అప్పటికే రైళ్ళు నిలిచిపోయిన దేశమున బస్సులును ఆగి, అంగళ్ళును మూతపడి, జనులెల్ల ఇండ్లకు పరిమితులైన ఆ దినములలో, కోవిడ్ మహమ్మారిచే మరణించినవారి సంఖ్య ప్రతిసాయంకాలమును ప్రకటింపబడుచుండెను గాని, ఆ మూసిన దారులవలన మందు అందక, వైద్యుని దర్శింపజాలక, వ్రేళ్ళు వంకరలు పోయినవారి సంఖ్యను ఎవరును ప్రకటింపలేదు. ఆ లెక్కకు రానివారిని గూర్చియే నా ప్రసంగము.

వాతరోగములనగా ఒకటి గాదు, నూటికి పైబడి కలవు. వయసు మళ్ళినకొలది మోకాలు అరిగి వచ్చు నొప్పి మీకందరకు తెలిసినదే. దానిని నేడు ప్రక్కన పెట్టుదము. శరీరమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దారితప్పి స్వశరీరముమీదికి తిరుగబడుటవలన కలుగు వ్యాధులు కొన్ని కలవు: రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్ళవాతము, చర్మమును మూత్రపిండములను గూడ పట్టు లూపస్, వెన్నెముకను బిగింపజేయు ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ మొదలగునవి. లూపస్ వచ్చినవారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలే; అందును పలువురు పిల్లలను కనిపెంచు ప్రాయమువారు. ఈ వ్యాధులకు నిర్మూలనము లేదు గాని అదుపు కలదు. ఆ అదుపు వేళతప్పక వేసికొను మాత్రమీదను, కొన్ని నెలలకొకసారి చేయించుకొను రక్తపరీక్షమీదను ఆధారపడియున్నది. ఈ గొలుసులో ఒక లంకె తెగినచో నొప్పి వచ్చుట ఆనాడు గాదు, నెల తరువాత. వంకర వచ్చుట ఏడాది తరువాత. కనుకనే ఇట్టి నష్టము ఎవరి కంటను పడదు.

ఆ లంకె తెగిన విధము వినుడు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మాత్ర మలేరియా మందుల కుటుంబమునకు చెందినదైనను, లూపస్ రోగులకు దశాబ్దములుగా ప్రాణాధారమై యున్నది. దానిని మానిన నేమగునో తెలిసికొనుటకు కెనడా వైద్యులు 47 మంది రోగులపై పరీక్ష జరిపి 1991లో ప్రకటించిరి. మాత్ర మానినవారిలో ఆరునెలల లోపల వ్యాధి తిరుగబెట్టుట రెండున్నర రెట్లు ఎక్కువయ్యెను. 2020 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఈ మాత్రను కోవిడ్‌కు మందని వేనోళ్ళ పొగడుటయు, మన భారత వైద్య పరిశోధనామండలి వైద్యసిబ్బందికి ముందుజాగ్రత్తగా దీనిని సూచించుటయు ఒక్క వారములో జరిగినవి. అంతట ఆరోగ్యవంతులు సైతము మెడికల్ షాపులకు పోయి అట్టలకొలది కొని బీరువాలలో దాచుకొనిరి. ప్రభుత్వము 25వ తేదీన ఎగుమతిని నిషేధించి, మరునాడు వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. కట్టడి మంచిదే, కాని రోగియొద్ద నున్నది ఆరునెలలనాటి చీటీ, క్రొత్త చీటీ వ్రాయవలసిన వైద్యుడున్నది మరియొక ఊరిలో! తుదకు జూన్ 5న ఆక్స్‌ఫర్డ్ వారి రికవరీ పరిశోధన, ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఈ మాత్రవలన మేలు లేదని తేల్చెను. బీరువాలలోని అట్టలు మాత్రము లూపస్ రోగులకు తిరిగి రాలేదు.

ఇక రోగులు తమంతట తామే మందు మానిన సందర్భములును తక్కువ గావు. "ఈ మందులు రోగనిరోధకశక్తిని తగ్గించునట, కరోనా వచ్చిన బ్రతుకమట" అను మాట వీధివీధిని ప్రాకినది. ఇందు సత్యము లేకపోలేదు: దినమునకు 10 మిల్లీగ్రాములకు తక్కువగాక ప్రెడ్నిసోలోన్ అను స్టిరాయిడ్ తీసికొనువారు కోవిడ్ సోకినప్పుడు ఆసుపత్రి పాలగుట అధికమని ఆ యేడే అంతర్జాతీయ పరిశీలనలో తేలినది. అయినను, నెలల తరబడి స్టిరాయిడ్ వాడినవాని శరీరమున మూత్రపిండములమీది గ్రంథులు తమ పనిని మరచియుండును. మాత్రను ఒక్కసారిగా మానినచో రక్తపోటు పడిపోయి, వాంతులై, ప్రాణమునకే ముప్పు రావచ్చును. వింత యేమనగా, ప్రజలు భయపడిన ఆ స్టిరాయిడ్ జాతిలోనిదే యగు డెక్సామెథసోన్, వెంటిలేటర్‌పై నున్న కోవిడ్ రోగుల మరణములను మూడవవంతు తగ్గించినదని ఆ జూన్‌లోనే బయటపడినది. మరుసటి ఏడు రెండవ ఉధృతిలో కీళ్ళవాతపు ఇంజక్షనైన టోసిలిజుమాబ్ కోసము కోవిడ్ రోగుల బంధువులు నగరములెల్ల గాలించిరి.

మార్చి చివరివారమున హైదరాబాదునుండి స్వస్థలములకు బయలుదేరినవారు గరికపాడు తనిఖీకేంద్రమువద్ద రెండు రాష్ట్రముల నడుమ నిలిచిపోవుట మీరు పత్రికలలో చూచియే యుందురు. కాళ్ళలో సత్తువగల యువకులకే ఆ గతి పట్టగా, గుంటూరునుండి హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికి వచ్చి సూదిమందు ఎక్కించుకొనవలసిన ముసలమ్మ గతి చెప్పనేల? లాక్‌డౌన్ మొదలైననాడే కేంద్రప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళి వెలువరించినది. అది నిజముగా మెచ్చదగిన పని. కాని కీలు వాచినదో, ఎముక పెరిగినదో వ్రేలితో నొక్కి చూచినగాని తెలియదు. మనుమడు పంపిన వాట్సాప్ ఫొటోలో అమ్మమ్మ చేయి వెచ్చగా నున్నదో లేదో ఏ వైద్యుడు చెప్పగలడు? కాబట్టి పలువురు నొప్పి తాళలేక అంగడి నొప్పిమాత్రలే మ్రింగిరి. అవి ఎక్కువకాలము వాడిన కడుపులో పుండ్లు, మూత్రపిండములకు చేటు.

ఇంటిలోని సంగతి ఒకటి ఎవరును చెప్పరు. పనిమనిషి రాక మానినది, పిల్లలును భర్తయు ఇంటనే యుండిరి, మూడుపూటల వంట నాలుగుపూటలయ్యెను. వాచిన వ్రేళ్ళతో చపాతీపిండి పిసికి, బట్టలు పిండినది ఎవరు? ప్రొద్దుటి బిగుసుదనము మూడుగంటలసేపు ఉన్నదని నాతో చెప్పిన స్త్రీలలో పలువురికి వ్యాధి కన్న చాకిరియే కారణమని నా అభిప్రాయము. ఎండవానలలో పనికిపోక విశ్రాంతి దొరకి కుదుటపడినవారును కొందరు కలరు. వారు మిక్కిలి తక్కువ. వెన్నువాతము కలవారికి నడకయు వ్యాయామమును మందుతో సమానము గనుక, గదిలో బందీలై వారు మరింత బిగిసిపోయిరి.

మహమ్మారి మరల వచ్చునో రాదో గాని, వరదలు, కర్ఫ్యూలు, సమ్మెలు మనకు క్రొత్తవి గావు. ఇట్టి రోగుల పట్టిక ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను ఉంచి, దారులు మూసిననాడు మందు ఇంటికి చేర్చు భారము ప్రభుత్వము వహింపవలెను. అంతవరకు, మీ యింటగాని మీ వీధిలోగాని కీళ్ళవాతపు మనిషి యున్నచో, ఈ వారమే వారియొద్దకు పోయి, నెలకు సరిపడు మాత్రలున్నవో లేవో అడిగి, మందుల పేర్లును మోతాదులును ఒక కాగితముమీద వ్రాసి పెట్టుడని మిమ్ము వేడుచున్నాను.