కారు వేసిన అబ్జెక్షన్

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఈరోజు కారు గురించి మాట్లాడుతాను. గుమాస్తాగిరీ చేసినవాడికి కారుతో పనేమని నవ్వకండి. మనలో చాలామంది ఇళ్ళలో పిల్లలు వదిలిపోయిన కారు ఒకటి ఉంది. దాని రిపేరు ఖర్చు మాత్రం మన పెన్షన్‌లో నుంచే పోతుంది.

పోయిన కార్తీకమాసంలో నా భార్యను కంటి పరీక్షకు కడపకు తీసుకొని పోతున్నాను. కారు మా అబ్బాయిది, 2015 మోడలు, పెట్రోలుది. అట్లూరు దాటినాక మీటరు దగ్గర ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగింది. బండి లాగడం కూడా కొంచెం తగ్గింది. మెల్లగా పోయి వచ్చాము. డాక్టరుగారు శుక్లాల ఆపరేషన్ చేయాలన్నారు.

మరునాడు ఒక వర్క్‌షాపుకు పోయాను. దాని పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు స్కానరు పెట్టి "పి 0010" అని చదివి, సొలినాయిడ్ మార్చి 4,500 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజులు దీపం రాలేదు. మూడో రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి "కంప్యూటరే పోయింది, 38 వేలు అవుతుంది" అన్నారు. నా దగ్గరున్నది ఆపరేషన్ కోసం దాచిన డబ్బు. నా భార్య "నా కన్ను నిలుస్తాదిలే, బండి చూపిచ్చుకో" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకూ ఆ కోడు ఏమిటి? ఇంజిన్‌లో గాలి పోయే, పొగ వచ్చే వాల్వులను తెరిచే కడ్డీ క్యామ్‌షాఫ్ట్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. కొత్త ఇంజిన్లలో వాల్వు తెరిచే వేళను వేగాన్ని బట్టి ముందుకు వెనకకు జరుపుతారు. ఆ జరిపేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి. ఆ ఆయిల్‌కు దారి ఇచ్చే విద్యుత్ కవాటమే సొలినాయిడ్. దానికి ఆజ్ఞలు ఇచ్చేది కంప్యూటరు. ఇలా తప్పులను గుర్తించి కోడు రాసే పద్ధతి అమెరికాలో 1996 మోడలు కార్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశపు కార్లలో ఆ రెండో తరం పద్ధతి 2013 నుంచి వచ్చింది.

పి 0010 అంటే ఆ సొలినాయిడ్ కరెంటు దారిలో తేడా ఉందని అర్థం. పక్కనే ఉన్న పి 0011 వేరు. అది వాల్వు వేళ తప్పిందని చెబుతుంది. అక్కడ ఆయిల్‌ను, యాంత్రిక భాగాలను అనుమానించాలి. సున్నా పక్కన ఒక్క అంకె మారితే వెతకవలసిన చోటే మారిపోతుంది.

సిద్దవటం రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రవాడు ఉన్నాడు. అతను అన్నాడు: "తాతా, కంప్యూటర్ మాట తర్వాత. కోడు సామాను పోయిందనలేదు. దారి బాగలేదంటాంది. ముందు తీగ చూద్దాం."

బండి ఆపి, సొలినాయిడ్ ప్లగ్గు ఊడదీశాడు. లోపల ఆయిల్, తుప్పు లేవు. మీటరుతో సొలినాయిడ్ రెండు పిన్నుల మధ్య చూస్తే 7.4 ఓములు వచ్చింది. ఆ బండికి అది సరిగ్గానే ఉంది. అసలు అంకె చూపకపోతే లోపలి చుట్ట తెగినట్టు, సున్నా దగ్గర ఉంటే షార్టు అయినట్టు. తర్వాత తాళం ఆన్ చేసి సరఫరా తీగ చూస్తే పన్నెండు వోల్టులు వచ్చాయి. అంటే ఫ్యూజు మంచిదే. చివరకు బ్యాటరీ తీసి, కంప్యూటరు నుంచి వచ్చే తీగను ఆ చివరి నుంచి ఈ చివరికి పరీక్షించాడు. మీటరు కూసింది. తీగను అటూ ఇటూ కదిలించాడు. కూత ఆగింది!

ఎయిర్ ఫిల్టరు కింద ఎలుక కొరికింది. రెండు మూడు రాగి పోగులే మిగిలాయి. నేను కారు పెట్టింది వేరుశనక్కాయల మూటల పక్కనే. సొలినాయిడ్ మార్చేటప్పుడు తీగ కదిలి రెండు రోజులు పోగులు అంటుకొని ఉన్నాయి, అందుకే దీపం ఆరింది. అతను తీగ అతికి, తొడుగు వేసి, కోడు చెరిపి, ఊరు చుట్టి వచ్చాడు. మూడు వందలు తీసుకున్నాడు. కోడు మళ్ళీ రాలేదు. పాత సొలినాయిడ్ నేను అడిగి తెచ్చి పెట్టుకున్నాను. దాన్నీ కొలిపించాను. అదీ 7.4 ఓములే!

కనుక తోటి పెన్షనర్లకు నా మనవి. కోడు నంబరు కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను అడగండి. కంప్యూటరు మార్చాలంటే "తీగ పరీక్షించారా?" అని అడగండి. సరిచేయకుండా కోడు చెరపడమంటే అబ్జెక్షన్ మెమో చింపేయడమే. పసుపు దీపం నిలకడగా ఉంటే మెల్లగా మెకానిక్ దగ్గరికి పోవచ్చు. అది మిణుకుమిణుకుమంటే గానీ, ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే గానీ వెంటనే బండి ఆపండి.

చివరగా ఒక్క మాట. నేను ఉద్యోగంలో ఉండగా ఒక వితంతువు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు "వివరాలు సరిపోలలేదు" అని రాసి మూడుసార్లు వెనక్కి పంపాను. ఆమె ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ తెచ్చింది. తేడా సర్వీసు రిజిస్టరులో పేరులో ఒక్క అక్షరం. అది నేను చూపించి ఉంటే ఒక్క రోజు పని. నేను చెప్పలేదు, ఆమెకు అడగడం తెలియలేదు. సొలినాయిడ్‌కు నేను కట్టిన డబ్బు తలచుకున్నప్పుడల్లా ఆమె బస్సు చార్జీలు గుర్తుకొస్తున్నాయి.

నా భార్యకు ఆపరేషన్ అయింది. ఇదిగో, ముందు వరసలో కూర్చొని నన్ను స్పష్టంగా చూస్తోంది. అందుకే ఎక్కువ మాట్లాడే ధైర్యం లేదు. సెలవు.