కదలని అంకె

కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ వెళ్తుంది. రాపిడికి ఒత్తిడి పడిపోతుంటే దారిలో కంప్రెసర్లు దాన్ని మళ్లీ పెంచుతుంటాయి. వాటి స్థితి కంట్రోల్ రూముకు తెలిసేది సెన్సర్ల వల్లే.

సెన్సర్ పూర్తిగా చచ్చిపోతే మేలే. సాధారణంగా కొలత 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా వస్తుంది. తీగ తెగితే సున్నా. అది చెడిపోయిందన్న కబురు. చిక్కంతా బతికుండి తప్పు చెప్పేదానితోనే. సెన్సర్‌కు ఒత్తిడి తెచ్చే సన్నగొట్టం మడ్డితో మూసుకుపోతే అంకె ఉన్నచోటే నిలిచిపోతుంది. తెర మీద అంతా ప్రశాంతం.

ధవళేశ్వరంలో దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువన భద్రాచలంలో వరద పోటెత్తి ఒక రోజు గడిచినా ఇక్కడి అంకె కదలకపోతే, గోదావరి ఆగిందని ఈ ఊళ్లో ఎవరూ అనుకోరు. టార్చి పట్టుకుని స్కేలు దగ్గరికి వెళ్తారు.

కంప్రెసర్‌కూ అలాంటి రెండో సాక్షి కావాలి. అందుకే కీలకమైన చోట్ల మూడు సెన్సర్లు పెట్టి, రెండు ఒకే మాట చెబితేనే యంత్రాన్ని ట్రిప్ చేస్తారు, అంటే దానంతటదే ఆగిపోయేలా చేస్తారు. ఒకటి చెడినా యంత్రం ఊరికే ఆగదు, రక్షణా పోదు. కానీ మూడూ ఒకే సన్నగొట్టానికి తగిలించి ఉంటే సాక్షి ఒక్కడే.

సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో ప్రవాహం మరీ తగ్గితే గ్యాస్ వెనక్కి తన్నుతుంది. దాన్నే సర్జ్ అంటారు. సెకన్లలోనే బేరింగులు దెబ్బతినవచ్చు. ప్రవాహం కొలిచే సెన్సర్ మీద నమ్మకం తప్పితే రీసైకిల్ వాల్వు తెరిచి, బయటికి పోయే గ్యాస్‌లో కొంత తిరిగి లోపలికి పంపాలి. శక్తి వృథా అవుతుంది, నిజమే. అక్కడ పొదుపు లెక్కలు చూడటం తెలివితక్కువ.

మరమ్మతు కోసం ట్రిప్‌ను బైపాస్ చేస్తే, ఎవరు చేశారో, ఎన్ని గంటల దాకానో లాగ్‌బుక్‌లో రాయాలి, తర్వాతి షిఫ్టుకు నోటితోనూ చెప్పాలి. పట్టా పుచ్చుకుని నైట్ షిఫ్టులో చేరిన కొత్త ఇంజనీరు మొదట తెరవాల్సింది ఆ పుస్తకమే. బైపాస్ ఉన్నంతసేపూ ఒకరు వాకీటాకీతో యంత్రం పక్కనే నిలబడి, నూనె మరకల అద్దం తుడిచి గేజి ముల్లు చూస్తుండాలి.

ఆ ముల్లు మీదా అనుమానం వస్తే యంత్రాన్ని ఆపేయడమే. ఆపినా రోటరు వెంటనే నిలవదు. అందుకే చాలాచోట్ల ఎత్తున నూనె ట్యాంకు ఉంటుంది. పంపు ఆగినా, సెన్సర్లు మూగబోయినా, చక్రం నిలిచేదాకా నూనె దానంతటదే బేరింగుల్లోకి దిగుతుంది.