మినాస్ టిరిత్: ఒక కల్పిత నగర చరిత్ర

నగర చరిత్ర రాసేవారికి శాసనాలు, నాణేలు, శిథిలాలు, యాత్రికుల రాతలు ఆధారాలుగా ఉంటాయి. ఈ ఆధారాల్లో ఒక్కటి కూడా లేని, భూమి మీద ఎన్నడూ వెలయని నగరానికి చరిత్ర ఉండగలదా అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్ది సాహిత్యంలో అత్యంత శ్రద్ధతో సమాధానం చెప్పినవారు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973). 1954–55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడిన ‘ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో గోండోర్ అనే రాజ్యానికి రాజధానిగా కనిపించే మినాస్ టిరిత్‌ను ఆయన వర్ణనతో మాత్రమే నిలబెట్టలేదు. మూడో సంపుటానికి చేర్చిన అనుబంధాల్లో రాజుల వంశక్రమాన్ని, సంవత్సరాల వారీ సంఘటనలను పొందుపరచి, ఆ నగరానికి మూడు వేల ఏళ్లకు మించిన గతాన్ని సమకూర్చారు. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు గ్రామగ్రామాన సేకరించిన కైఫీయతులను, అంటే ఊరి పుట్టుపూర్వోత్తరాలను, దానధర్మాలను, ఏలుబడులను తెలిపే స్థానిక వృత్తాంతాలను చదివిన తెలుగు పాఠకులకు ఈ అనుబంధాల తీరు కొత్తగా తోచదు.

ఆ వృత్తాంతం ప్రకారం న్యూమెనోర్ అనే ద్వీపరాజ్యం సముద్రంలో మునిగిపోగా, ప్రాణాలతో బయటపడి వచ్చిన ఎలెండిల్, అతని కుమారులు ద్వితీయ యుగం 3320లో కొత్త రాజ్యాలను స్థాపించారు. దక్షిణాన వెలసిన గోండోర్‌కు ఆండూయిన్ మహానదికి ఇరువైపులా విస్తరించిన ఓస్గిలియాత్ ముఖ్యపట్టణం కాగా, తూర్పున శత్రుదేశమైన మోర్డోర్ సరిహద్దు కొండల ఒడిలో మినాస్ ఇథిల్, అంటే చంద్రోదయ దుర్గం, పడమట మిండోలూయిన్ పర్వతపాదాన మినాస్ అనోర్, అంటే అస్తమయ సూర్యుని దుర్గం, దానికి కాపు కాశాయి. నేటి పాఠకులు మినాస్ టిరిత్‌గా ఎరిగిన నగరం ఈ మూడింటిలో చివరిదే. పుట్టినప్పుడు అది రాజధాని కాదు. తృతీయ యుగం 420లో ఓస్టోహెర్ అనే రాజు దానిని పునర్నిర్మించిన తరువాత రాజులు వేసవిలో అక్కడ విడిది చేయసాగారు. వేసవి విడిది క్రమంగా రాజధానిగా మారడం వాస్తవ చరిత్రలోనూ వినబడే సంగతే గనుక, ఈ చిన్న వివరం నగరానికి తెచ్చిపెట్టిన నమ్మకం ఎన్ని వర్ణనలైనా తేలేనిది.

ఆ మార్పు రావడానికి పన్నెండు వందల ఏళ్లు పట్టింది. వారసత్వ కలహంలో 1437లో ఓస్గిలియాత్ ముట్టడికి గురై తగలబడింది. 1636లో తూర్పుగాలులతో వచ్చిన మహమ్మారి టెలెమ్నార్ రాజునూ అతని సంతానాన్నీ పొట్టన పెట్టుకొంది. నాలుగేళ్ల తరువాత టారోండోర్ రాజు తన నివాసాన్ని శాశ్వతంగా మినాస్ అనోర్‌కు మార్చాడు. ఈ ఘట్టంలో టోల్కీన్ చూపిన సూక్ష్మదృష్టి ప్రత్యేకంగా గమనింపదగినది: మహమ్మారికి భయపడి ఇతర ప్రాంతాలకు పారిపోయిన ఓస్గిలియాత్ పౌరుల్లో తిరిగి రావడానికి ఇష్టపడినవారు కొద్దిమందేనని, అందువల్లనే ఆ నగరం శిథిలం కావడం మొదలైందని ఆయన రాశారు. శత్రువు వచ్చి రాతివంతెనను కూల్చింది 2475లో. అప్పటికి ఎనిమిది శతాబ్దాలుగా ఆ పట్టణం తనంత తాను ఖాళీ అవుతూనే ఉంది. ఇంతలో 2002లో మినాస్ ఇథిల్ శత్రువు వశమై మినాస్ మోర్గుల్ అన్న భయంకర నామాన్ని పొందగా, మిగిలిన ఒక్క దుర్గానికి మినాస్ టిరిత్, అంటే కావలి దుర్గం, అన్న పేరు స్థిరపడింది. 2050లో ఎయార్నూర్ రాజు ద్వంద్వయుద్ధానికి వెళ్లి తిరిగి రాకపోవడంతో, రాజప్రతినిధులు సింహాసనం కింది మెట్టు మీద వేసిన నల్లరాతి ఆసనం నుంచే దాదాపు 970 ఏళ్లు పాలన సాగించారు.

నవలలోని కథాకాలం తృతీయ యుగం 3019 నాటికి నగర స్వరూపం ఇది: కొండవాలున ఒకదానిపై ఒకటిగా ఏడు అంతస్తులు, ప్రతి అంతస్తుకూ ఒక ప్రాకారం, ఒక ద్వారం, పైకి సాగే దారి అటూ ఇటూ మలుపులు తిరిగేలా ద్వారాలను ఒకే వరుసలో గాక వేర్వేరు దిక్కులకు తెరిచారు, పైనున్న కోట నుంచి చూస్తే మహాద్వారం 700 అడుగుల దిగువన కనిపిస్తుంది. ఇంతటి కట్టడాన్ని మొదటిసారి చూసిన పిప్పిన్ అనే పొట్టి జాతి యువకుడు దాని వైభవానికి నివ్వెరపోతూనే, వీధివీధినా ద్వారబంధాల మీద ప్రాచీన లిపిలో వంశాల పేర్లు చెక్కిన పెద్ద పెద్ద లోగిళ్లను, వాటి లోపల అడుగుల సవ్వడి గాని కిటికీల్లో ముఖం గాని లేకపోవడాన్ని గమనిస్తాడు. సుఖంగా నివసించగలిగినంతమందిలో సగం మంది అక్కడ లేరని కథనం స్పష్టంగా చెబుతుంది. కోట ముంగిట ఫౌంటెన్ పక్కన 2872లో ఎండిపోయిన శ్వేతవృక్షాన్ని, నాటడానికి మరో మొలక దొరకక, అలాగే నిలిపి ఉంచారు. రాబోయే ముట్టడి ఫలితం పట్ల పాఠకునిలో ఆందోళన కలిగించేది కోటగోడల ఎత్తు కన్న ఈ మూగబోయిన లోగిళ్లే. గోండోర్ స్థితిని టోల్కీన్ ఒక లేఖలో, ప్రాభవం మిగిలి బలం ఉడిగిన బైజాంటియంతో పోల్చారు; ఆ పోలికకు రుజువు ఆ వీధుల్లోనే ఉంది.

ముట్టడి ముగిసిన తరువాత ఆ నగరం కోలుకొన్న తీరు కూడా అంతే ఆచరణాత్మకమైనది. గిమ్లీ అనే మరుగుజ్జు వీధుల్లో నడుస్తూ, పాత రాతిపని బాగుందని, కొత్తది అంత నాణ్యంగా లేదని తేల్చి, తన జాతి స్థపతులను రప్పిస్తానంటాడు. లెగొలాస్ అనే వనవాసి అక్కడ తోటలు కావాలంటాడు. ముట్టడిలో పగిలిన మహాద్వారం స్థానంలో మరుగుజ్జులు మిథ్రిల్ అనే అపురూప లోహంతోనూ ఉక్కుతోనూ కొత్త ద్వారాన్ని అమర్చారు. పట్టాభిషేకంతో ముగిసిపోవలసిన కథలో రాతిపని నాణ్యతకు చోటు దక్కడం సామాన్యమైన విషయం కాదు.

తెలుగులో మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మొదలు జానపద నవలల వరకు కల్పిత నగరాలకు కొరత లేదు. అయితే వాటిలో చాలావరకు రాజు కొలువు తీరడానికే వెలసినవి. అటువంటి లోకాలను కొత్తగా సృష్టించబోయే తెలుగు రచయితలు రాజప్రాసాదం ఎత్తును చెప్పడానికి ముందు, ఆ ఊళ్లో ఏ వీధి ఏ కరువులో ఖాళీ అయిందో, వంతెనను ఎవరు ఏ ఏట బాగుచేశారో, తాళం పడిన ఇంటి గడప మీద ఎవరి పేరు మిగిలిందో రాసిపెట్టుకోవాలి.